‘రా’ దగ్గర తెగిన మాట

దుమ్ముగూడెం దాటి గోదారి వెంట ఎగువకు పోతే, అడవికీ ఏటికీ నడుమ ఇరుకున ఉన్న గూడేలు తొమ్మిది. ఆ తొమ్మిదింటిలోనూ స్తంభాల మీద మైకులున్నాయి. వరదలొచ్చినప్పుడు ఎటు పోవాలో చెప్పడానికి ఒడ్డు సహాయ సంఘం అనే చిన్న సంస్థ పెట్టించింది. ఆ మైకులు మాట్లాడాలంటే మండల కేంద్రంలో సంఘం వాళ్ల అద్దెగదిలో కూర్చున్న భవాని ఒక్క మీట నొక్కాలి. నొక్కితే మాట మొదలవుతుంది. ఆపడమెలాగో మాత్రం భవానికి తెలియదు, ఆమె పైనున్న రవీందర్ సారుకూ తెలియదు. ఆ ప్రోగ్రాం రాసిచ్చిన పట్నం కుర్రాడికి తెలుసేమో గానీ, బిల్లు అందిన మర్నాటి నుంచి అతగాడు ఫోనెత్తడం మానేశాడు.

భవానిది ఆ తొమ్మిదింటిలో చివరి గూడెమే. కోయ ఇంటి పిల్ల. ఆశ్రమ పాఠశాలలో చదివి, భద్రాచలంలో కంప్యూటర్లతో డిగ్రీ చేసి, సారపాకలో జిరాక్స్ షాపులో నాలుగేళ్లు జనాల దరఖాస్తులు టైపు చేసింది. సంఘం వాళ్లు ఆపరేటరు కావాలంటే వచ్చి చేరింది. ఆపరేటరు అంటే మీట నొక్కే మనిషి, అంతకు మించి ఆమె నుంచి ఎవరూ ఏమీ ఆశించలేదు. ఆమె కూడా మొదట ఏమీ అనుకోలేదు.

మైకుల్లో వినపడే గొంతు ఎవరిదనుకున్నారు? భవాని తల్లి జంపక్కది. పట్నం నుంచి తెచ్చిన గొంతు తొమ్మిది గూడేల్లో ఒక్కరికీ అర్థం కాలేదు. "గోదావరి నదీ పరివాహక ప్రాంత ప్రజలకు విజ్ఞప్తి" అని అది మొదలుపెట్టేసరికి జనం ఎవరో ఓట్లడగడానికి వచ్చారనుకుని తమ పని తాము చూసుకునేవారు. అప్పుడు రవీందర్ సారు జంపక్కను కూర్చోబెట్టి, ముందు తెలుగులో, తర్వాత కోయలో చెప్పించి రికార్డు చేశాడు. అవతలి కొండ మీద మేకను కూడా పేరు పెట్టి పిలవగల గొంతు ఆమెది. రమ్మనే మాట ఒకటి, రావద్దనే మాట ఒకటి, ఒక్కోటి పదకొండు నిమిషాలు వచ్చింది. ఆ రోజు నుంచి జంపక్క సంతకు పోతే నడక తీరే మారిపోయింది.

కిందటేడాది ఆగస్టులో ఆ పదకొండు నిమిషాలే మెడకు చుట్టుకున్నాయి.

చివరి గూడేనికీ మండల కేంద్రానికీ నడుమ ఒక వాగుంది. దాని మీద వంతెన లేదు, నీళ్లకు జానెడు ఎత్తున వేసిన సిమెంటు దారి ఉంది, చప్టా అంటారు. గోదారి ఎగదన్నితే ఆ వాగు వెనక్కి తిరిగి చప్టాను మింగేస్తుంది. ఆ రోజు పొద్దున నీళ్లు ఇంకా కిందే ఉన్నాయని, "చప్టా మీదుగా రండి" అనే మాటను భవాని మొదలుపెట్టింది. రెండో నిమిషంలో వాగు దగ్గరున్న రాంబాబు ఫోన్ చేశాడు. పంచాయతీ పనివాడు, గట్టిగా మాట్లాడేవాడు కాదు. ఆ రోజు అరిచాడు.

"అక్కా, నీళ్లెక్కినయి! రావద్దని చెప్పు!"

చెప్పడానికి ముందు, చెబుతున్నది ఆపాలి కదా. భవాని తెలిసిన మీటలన్నీ నొక్కింది. తెర మీద గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంది. రవీందర్ సారు వచ్చి కరెంటు వైరు పీకేశాడు. పీకితే ఏమైంది, కింద యూపీఎస్ ఉంది, వరదల్లో కరెంటు పోతుందని ఆయనే ముచ్చటపడి పెట్టించాడు. బల్ల కిందకు దూరి దాని మీట వెతికి నొక్కేసరికి ఆరు నిమిషాలు గడిచాయి. ఆ ఆరు నిమిషాలూ జంపక్క గొంతు జనాన్ని చప్టా మీదుగా రమ్మని బతిమాలుతూనే ఉంది. జంపక్క అన్న బొజ్జయ్య ఆ మాట నమ్మి బండి కట్టాడు. చెట్టుకొమ్మ దొరికి మనిషి బతికాడు. ఎడ్లు రెండూ కాడితో సహా కొట్టుకుపోయాయి.

బొజ్జయ్య ఎవరినీ ఒక్క మాట అనలేదు. అంటే భవానికి కాస్త తేలికగా ఉండేది. జంపక్క మాత్రం నెల రోజులు సంతకు పోలేదు. మైకు స్తంభం కనపడితే తల తిప్పుకునేది. ఆ తిప్పుకోవడం చూసి భవాని మనసులో ఒక పంతం పట్టింది. ప్రోగ్రాం ఎవరు రాశారన్నది ఆమెకు అనవసరం, మీట నొక్కింది తన వేలు.

ఆ పట్నం కుర్రాడు రాసిన రాత అదే కంప్యూటరులో ఉంది. అంతకు ముందు భవాని దాన్ని తెరిచి చూసింది లేదు. తెరిచింది. మొదటి వారం తలా తోకా దొరకలేదు. ఫోనులో పాఠాలు చూసి, ఇంగ్లీషు మాటలు నోటుబుక్కులో తెలుగులో రాసుకుని, రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టుకుని చదివింది. మూడో వారానికి దొంగ దొరికాడు. ఉన్నది ఒక ప్రోగ్రాం కాదు, రెండు. పెద్దది తెర చూసుకుంటుంది, మీటలు వింటుంది. మాట వినిపించడానికి అది ఇంకో చిన్న ప్రోగ్రాంను పుట్టించి పనికి పంపిస్తుంది. పంపించి, అది తిరిగి వచ్చేదాకా కళ్లూ చెవులూ మూసుకుని కూర్చుంటుంది. ‘వెయిట్’ అని ఒక్క ముక్క రాసి ఉంది, అంతే. ఆ ముక్క వల్లే ఎడ్లు పోయాయి.

ఆదివారం ఇంటికి పోయి తల్లికి చెప్పింది. ఇద్దరూ మాట్లాడుకునేది కోయలోనే, మనం తెలుగులో చెప్పుకుంటున్నాం.

"ఒక తల్లి, ఒక పిల్ల అనుకో అవ్వా. తల్లి పిల్లను పనికి పంపింది. పిల్ల తిరిగొచ్చేదాక ఎవ్వరు పిలిచినా పలకది."

జంపక్క ఎండబెట్టిన ఇప్పపూలలో పుల్లలు ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు.

"గదేం తల్లే? నిన్ను బడికి తోలి నేను చేతులు కట్టుకొని కూసున్ననా? పూలు ఏరుకుంట, వంట చేసుకుంట, నడుమ నడుమ దారి దిక్కు సూస్తనే ఉంటి. ఎవలన్న పిలిస్తె పలుకుతనే ఉంటి. ఎదురుసూసుడంటె చెవుడు వచ్చుడా?"

భవాని మర్నాడు ఆఫీసుకు పోయి ఆ ఒక్క ‘వెయిట్’ను తీసేసి, తల్లి చెప్పిన పద్ధతినే రాసింది. పిల్ల వచ్చిందా అని చూడాలి. రాకపోతే, ఎవరైనా పిలిచారా అని చూడాలి. పిలవకపోతే అర సెకను ఊరుకుని మళ్లీ చూడాలి. పదిహేనేళ్ల చదువులో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదని ఆమె అప్పుడు అనుకుంది, ఇప్పటికీ అంటుంది.

ఇప్పుడు ఆపమంటే ప్రోగ్రాం వింటోంది. వినడం వింది, కానీ ఇంకో తంటా వచ్చిపడింది. మైకుల తీగలు విప్పి గదిలోనే పరీక్షించింది కాబట్టి పరువు దక్కింది. ఆపు మీట నొక్కగానే పెద్ద ప్రోగ్రాం బుద్ధిగా మూసుకుపోయింది. పిల్లకు ఆ కబురు ఎవరూ చెప్పలేదు. తెర ఖాళీ, గది నిండా జంపక్క గొంతు. రవీందర్ సారు కంప్యూటరు వెనక్కి వంగి చూశాడు, లోపల ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు. ఆపేటప్పుడు ముందు పిల్లను ఆపాలి, అది ఆగిందని చూసుకున్నాకే తల్లి లేవాలి. భవాని అదీ రాసింది. ఈసారి మీట నొక్కిన మరుక్షణం గొంతు టక్కున తెగింది.

"శభాష్ భవానీ! గిది కావాలె!" అని రవీందర్ సారు బల్ల గుద్దాడు.

మే నెలలో ఒక పొద్దున మైకులకు కలిపి పరీక్ష పెట్టారు. ఈ రోజు పరీక్ష జరుగుతుందని అన్ని గూడేలకూ ముందే కబురు పంపారు. "చప్టా మీదుగా రావద్దు, గుట్ట మీద బడికి పోవాలె" అనే మాటను మొదలుపెట్టి, నడుమలో భవాని మీట నొక్కింది. తొమ్మిది గూడేల్లో ఒకేసారి నిశ్శబ్దం. రవీందర్ సారు టీ తెప్పించాడు.

రెండు గంటల తర్వాత బొజ్జయ్య గుమ్మంలో నిలబడ్డాడు. నెత్తి మీద బియ్యం మూట, చంకలో కోడి, ఒళ్లంతా చెమట.

"ఏంది మామా, గీ ఎండల ఎందుకొచ్చినవ్?"

"నువ్వే గదా కోడలా రమ్మన్నవ్."

"నేనెప్పుడు రమ్మన్న?"

"మైకుల మీ అవ్వ చెప్పింది. ‘చప్టా మీదుగా రా’ అన్నది. ఆడికే మాట ఆగింది. సరే, రమ్మన్నది గదా అని వచ్చిన."

"గది పరీక్ష మామా! కబురు చెప్పలేదా?"

"చెప్పిండ్రు. పరీక్షంటే, పిలిస్తె వస్తరా రారా అని సూసుడు గాదా?"

రవీందర్ సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. భవానికి నవ్వు రాలేదు. ‘రావద్దు’ అనే మాటను తన మీట ‘రా’ దగ్గర నరికింది. మన భాషలో చేయమనడానికీ వద్దనడానికీ తేడా అంతా మాట చివరనే ఉంటుంది. కోయలోనూ అంతే. వద్దనే ముక్క వినపడకముందే గొంతు తెగితే, వద్దన్నది కాస్తా రమ్మన్నది అవుతుంది. పట్నంలో పాఠాలు చెప్పేవాళ్లెవరూ ఈ సంగతి చెప్పలేదు, వాళ్లకు ఈ తిప్పలు ఉండి ఉండవు. అన్నిటికంటే ఆమెను కుదిపింది ఇంకొకటి. పోయినేడు అదే చప్టా మీద ఎడ్లను పోగొట్టుకున్న మనిషి, జంపక్క గొంతు పిలిచిందని మళ్లీ అదే చప్టా మీదుగా వచ్చాడు. వాగు ఎండి ఉంది కాబట్టి సరిపోయింది. ఆ నమ్మకానికి తగినట్టు పని చేయకపోతే ఈ కుర్చీలో కూర్చోవడం దండగ అనుకుంది.

కోడిని బుట్ట కింద వేసి, బొజ్జయ్యకు అన్నం పెట్టి పంపించాక భవాని మళ్లీ మొదటికొచ్చింది. పదకొండు నిమిషాల మాటను వాక్యం వాక్యంగా ముక్కలు చేసింది. ఇక మీద మీట నొక్కితే పిల్ల ప్రోగ్రాం గొంతు నొక్కేయడం ఉండదు. ‘ఆపమంటున్నారు’ అనే కబురు మాత్రం దానికి అందుతుంది. అది చెబుతున్న వాక్యాన్ని చివరిదాకా చెప్పి, ఆగి, ఆగినట్టు తల్లికి చెబుతుంది. మొండికేస్తే రెండోసారి నొక్కాలి. అప్పుడు మాత్రం ఉన్నపాటున తెగిపోతుంది, ఆ తర్వాత మైకుల్లో ఇంకేమీ రాదు.

ఒకసారి నొక్కి ఆపినప్పుడు, వెంటనే జనానికి ఏదో ఒకటి చెప్పాలి కదా. భవాని కాగితం మీద ‘ఇంతకు ముందు చేసిన ప్రకటన రద్దు చేయబడినది’ అని రాసుకుని తల్లి దగ్గరకు పోయింది. మళ్లీ మైకులో చెప్పమని అడగడానికి ఆమెకు కొంచెం భయంగానే ఉంది. 

"నా నోట్ల నుంచి పోయిన మాటకే గదా అన్న ఎడ్లు పోయినయి," అంది జంపక్క.

"అవ్ అవ్వా. అందుకే నీ నోటితోనే ఆపాలె. వేరే గొంతైతే ఎవ్వరూ ఆగరు."

జంపక్క కాగితం చదివించుకుని మూతి విరిచింది. "రద్దంటే ఎవలకు తెలుస్తది? ఆగండి అను. ఆగుడంటే కాలు కదపకుండ నిలబడుడు. ఆగుడంటే తర్వాతి మాటకు ఎదురుసూసుడు గూడ. గా రెండే గదా నీకు కావాల్సింది?"

ఆ రెండే కావాలి. "ఆగండి! ఆగండి! ఏడున్నోళ్లు ఆడనే ఆగండి! చప్టా దిక్కు పోవద్దు!" అని జంపక్క మూడుసార్లు రికార్డుకు చెప్పింది. మూడోసారి చెబుతుంటే గోడ మీద బల్లి కింద పడిందని రవీందర్ సారు ఇప్పటికీ చెబుతాడు. అది అబద్ధమే అయ్యుంటుంది. మీట ఒకసారి నొక్కితే, నడుస్తున్న వాక్యం కాగానే ఆ అరుపు దానంతటదే వచ్చేలా భవాని రాసింది. చప్టాకు అవతల, గూడెం వైపు మలుపులో రవీందర్ సారు పదో మైకు కూడా పెట్టించాడు.

ఈ ఏడాది ఆగస్టులో గోదారి మళ్లీ లేచింది. భద్రాచలం దగ్గర ఒకటో హెచ్చరిక దాటి రెండోదానికి పోతోంది. మధ్యాహ్నం మూడింటికి వాగు నెమ్మదిగా ఉందని రాంబాబు చెప్పాక, చివరి గూడేన్ని ఖాళీ చేయించాలని రవీందర్ సారు నిర్ణయించాడు. ఆ కబురు అందగానే జంపక్క కూతురికి ఫోన్ చేసి, గూడెంలో సిద్ధంగా ఉంచిన ట్రాక్టర్లలో మొదటిదానిలోనే తాను వస్తున్నానని, బొజ్జయ్యను కూడా ఎక్కిస్తున్నానని చెప్పింది. భవాని మీట నొక్కింది. చప్టా మీదుగా రండి అని మైకులు మొదలుపెట్టాయి.

మూడో నిమిషం నడుస్తోంది. ఫోన్ మోగింది.

"అక్కా! వాగు మర్లబడ్డది! గోదారి దిక్కు నుంచి ఉరికొస్తున్నది. చప్టా మునుగుతున్నది!"

"ట్రాక్టర్ ఏడున్నది?"

"మలుపు దిక్కు వస్తున్నది. నేను ఇవతల గట్టు మీదున్న. చేతులూపుతున్న, సూస్తలేరు!"

భవాని ఆపు మీట ఒక్కసారి నొక్కింది. తెర మీద ‘ఆపుతున్నాం’ అని వచ్చింది. మైకులో జంపక్క గొంతు వాక్యం నడుమలో ఉంది. "ముసలోళ్లను, పిల్లలను ముందుగాల ఎక్కించుకొని..."

"కట్ చెయ్ భవానీ! ఇంకోసారి నొక్కు!" రవీందర్ సారు ఆమె వెనకే నిలబడి అరుస్తున్నాడు.

ఆమె వేలు మీట మీదే ఉంది. నొక్కితే గొంతు అక్కడికక్కడ తెగుతుంది, ఆ తర్వాత ఏమీ రాదు. కరెంటు పోయిందనుకుని జనం అప్పటిదాకా విన్న మాట పట్టుకుని నేరుగా నీళ్లలోకి వస్తారు. నొక్కకపోతే ఆ వాక్యం పూర్తిగా వినాలి. రాసింది తాను. పిల్ల ఆగుతుందని, ఆగి కబురు చెబుతుందని రాసింది తాను. తన రాతను తాను నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? వేలు కదలలేదు.

"...పైలంగ, జల్దీ చప్టా మీదుగా రండి."

వాక్యం అయిపోయింది. ఒక్క ఊపిరి తీసుకునేంత నిశ్శబ్దం. అంత పొడుగు నిశ్శబ్దాన్ని భవాని అంతకు ముందు ఎరగదు, మళ్లీ ఎరగబోదు.

"ఆగండి! ఆగండి! ఏడున్నోళ్లు ఆడనే ఆగండి! చప్టా దిక్కు పోవద్దు!"

పది మైకులూ ఒక్కటే అరుపు. రవీందర్ సారు కుర్చీలో కూలబడ్డాడు. భవాని ఫోను చెవికి ఆనించుకుంది. అవతల నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు.

"రాంబాబూ? రాంబాబూ, ఏమైందిరా?"

"ఆగింది. మలుపులనే ఆగిందక్కా. డ్రైవరు ఇంజను బంద్ చేసిండు. అందరు మైకు దిక్కే సూస్తున్నరు. మీ అవ్వ ముందల్నే కూసున్నది, కనవడుతున్నది."

అప్పుడు ఏడవడానికి తీరిక లేదు. భవాని "గుట్ట మీద బడికి పోవాలె" అనే మాటను ఎంచి మీట నొక్కింది. ట్రాక్టరు వెనక్కి తిరిగేసరికి చప్టా పక్క రాళ్లు మునిగిపోయాయని, ఇంకో పది నిమిషాలకు చప్టా ఎక్కడుందో కూడా తెలియలేదని రాంబాబు తర్వాత చెప్పాడు. ట్రాక్టరులో ఉన్నది ముప్పై నలుగురు. ముప్పై నలుగురూ బడికి చేరారని కబురు వచ్చాక ఆమె బయటికి పోయి, పంపు కింద తల పెట్టి, నీళ్ల చప్పుడులో ఎవరికీ వినపడకుండా ఏడ్చింది. అది దుఃఖం కాదు. తన చేతి పని తనకు మాట ఇచ్చి నిలబెట్టుకుంది, ఆ సంతోషం.

నాలుగో రోజు వాగు దిగింది. భవాని బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని గుట్ట ఎక్కింది. బడి వరండాలో పెద్ద గిన్నెలో జావ కాస్తున్నారు. చుట్టూ ఆడవాళ్లు చేరి, ఆ రోజు జంపక్క ఆగమనకపోతే ఏమయ్యేవాళ్లమో ఒకరికొకరు నాలుగో రోజు కూడా చెప్పుకుంటున్నారు. జంపక్క ఆగమన్నదని మొక్కినంత పని చేస్తున్నారు. పొగడ్త వస్తే చేయి అడ్డం పెట్టే మనిషి కాదు జంపక్క. అయినా ఆ రోజు కూతురు మెట్లెక్కి రావడం చూసి గరిటె పక్కన పెట్టి లేచింది. బురద కాళ్లతో ఉన్న భవానిని రెక్క పట్టుకుని వాళ్లందరి నడుమకూ తెచ్చి నిలబెట్టింది.

"నేను ట్రాక్టర్ల మీ పక్కన్నే కూసున్న గదనే, నేనెట్ల ఆగమంట? మైకుల నేను రమ్మన్న. ఆగమన్నది గీ నా బిడ్డ."